మనుమడి జడ

జడ వేయడం నేను ఉద్యోగం నుంచి దిగిపోయాక నేర్చుకున్న పని. రైల్వేలో స్టేషన్ మాస్టర్‌గా చాలా ఏళ్ళు వికారాబాద్‌లో చేసి, తాండూరులో రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాను. చిన్నప్పటినుంచీ రోజూ డైరీ రాసే అలవాటు. అందులో పెద్ద విషయాలేమీ ఉండవు. ఎండ, వాన, ఇంటికి వచ్చినవాళ్ళు, వండిన కూర. మొన్నమొన్నటి డైరీలు తీస్తే మాత్రం దాదాపు ప్రతి పేజీలోనూ ఒకే వాక్యం కనిపిస్తుంది: "పిల్లవాడికి తల దువ్వి జడ వేశాను."

పిల్లవాడంటే నా కొడుకు కొడుకు. మగపిల్లవాడికి జడ ఎందుకంటే, వాడికి పుట్టువెంట్రుకలు ఇంకా తీయలేదు. మా ఇళ్ళల్లో అవి మొదటి ఏట తీయాలి, లేదంటే మూడో ఏట. అంతదాకా తలకు కత్తెర తాకకూడదు. మొదటి ఏడు మా అన్న పోయాడు, శుభకార్యం వద్దన్నారు. అందుకని మూడో ఏటికి వాయిదా పడింది. ఆ రోజు బిడ్డను మేనమామ ఒళ్ళో కూర్చోబెడతారు. మొదటి కత్తెర మేనమామ వేస్తాడు. ఆ తర్వాత మంగలాయన గుండు చేస్తాడు. రాలిన వెంట్రుకలు నేలమీద పడకూడదు. తల్లి ఎదురుగా కూర్చుని కొంగు పరిచి పట్టాలి. కొన్ని ఇళ్ళల్లో మేనత్త పడుతుంది. మా ఇంట్లో తల్లే. నాకు మా అమ్మ పట్టింది. నా కొడుక్కి నా భార్య పట్టింది.

నా కోడలిది మర్పల్లి. వ్యవసాయం ఇల్లు. సివిల్ ఇంజనీరింగ్ చదివింది. ఆఖరి ఏడు ప్రాజెక్టు కోసం తాండూరుకే వచ్చి, మా ఊరి బండ పాలిషింగ్ యూనిట్ల నుంచి పారే తెల్లటి బురద నీళ్ళు సీసాల్లో పట్టుకుని పోయిందట. ఆ నీళ్ళను మళ్ళీ వాడుకునేటట్టు ఎట్లా చేయాలో చదవాలని అప్పటినుంచీ పట్టుదల. పెళ్ళికి ముందే జర్మనీలో మాస్టర్స్ సీటు వచ్చింది. పెళ్ళి, ఆ తర్వాత కానుపు, పోలేకపోయింది. పిల్లవాడు నడక నేర్చాక ఎవరికీ చెప్పకుండా మళ్ళీ అప్లై చేసింది. మళ్ళీ సీటు వచ్చింది. ఆ సంగతి చెప్పిన రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. నా కొడుకు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీలు చేస్తాడు. మాట తక్కువ మనిషి. పళ్ళెంలో వేలు పెట్టి కలుపుతూనే ఉన్నాడు.

చివరికి తేల్చింది నా భార్య.

"పోతే పోనియ్యుండ్రి. పిలగాన్ని నేను చూస్త. గిదే మొగోడు పోతనంటే, పిల్లలను ఎవరికి ఇడ్సిపోతవురా అని ఎవరన్న అడుగుతరా?"

పోయే రోజు పొద్దున కోడలు నా దగ్గరికి వచ్చి ఒకే ఒక్క మాట అడిగింది.

"మామయ్యా, పుట్టెంటికలకు మాత్రం నేను వస్త. కొంగు నేనే పట్టాలె. అప్పటిదాక తియ్యద్దు."

"నువ్వు రాక ఎవరు తీస్తరు బిడ్డా" అన్నాను.

ఆ మాట ఇచ్చింది నేను. అప్పటికి వాడికి రెండేళ్ళు నిండబోతున్నాయి. జుట్టు మెడదాకా ఉంగరాలు తిరిగి ఉండేది.

ఆ జుట్టు చలికాలం వచ్చేసరికి వీపు మీదికి దిగింది. నా భార్యకు కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవదు. కొడుకు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ. దువ్వే పని నాకు పడింది. దువ్వడం వచ్చు, అల్లడం రాదు. పక్కింటామె గడపలో నిలబడి నవ్వింది.

"ఏంది సార్, రైళ్ళను ఆపినోళ్ళకు ఎంటికలు ఆగుతలేవా?"

నాకు ఏ పనైనా ముందు విడిగా నేర్చుకుని తర్వాత చేయడం అలవాటు. కిటికీ ఊచకు మూడు సుతిలి తాడు పోగులు కట్టి, కుర్చీ వేసుకుని కూర్చుని అల్లాను. కుడిది నడుమకు, ఎడమది నడుమకు. రెండు రోజుల్లో చేతికి వచ్చింది. సుతిలి కదలదు కాబట్టి. పిల్లవాడు కదులుతాడు. వాడి చేతికి రాతి పలకల ముక్కలు ఇచ్చి, బొమ్మ లారీలో లోడు చేయమనేవాణ్ణి. లోడయ్యేలోపల జడ అయిపోవాలి. లారీ బయల్దేరిందంటే వాడూ బయల్దేరినట్టే.

మా సందు వెనకాలే పాలిషింగ్ యూనిట్లు. గాలి అటునుంచి వీస్తే సాయంత్రానికి వాడి తల పిండిలో పొర్లించినట్టు ఉండేది. రోజు మార్చి రోజు తలకు పోయాలి, ఆరబెట్టాలి, నూనె రాయాలి. నూనె రాస్తే దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. రాయకపోతే చిక్కు పడుతుంది. రెండు పద్ధతులూ డైరీలో రాసి పెట్టుకుని చూశాను. ఏది మేలో తేలలేదు.

బజారుకు తీసుకుపోతే ఆటో అతను అద్దంలో చూసి, "మనుమరాలు మస్తుగున్నది సార్" అనేవాడు. పిల్లవాడు వెంటనే, "నేను పోరన్ని!" అని అరిచేవాడు. మర్పల్లి నుంచి మేనమామ వచ్చినప్పుడల్లా ఇదే ఆట. అతను కోడలి తమ్ముడు, పెళ్ళి కాలేదు, నోరు పెద్దది.

"నా అల్లుడా, నా కోడలా? ఎవలికన్న ఇచ్చి చేస్తరా ఏంది మామా, చెప్పుండ్రి, పిలగాన్ని జూస్త."

"నీకు కుదిరినంక జూద్దువు తియ్" అనేది నా భార్య.

రోజూ మధ్యాహ్నం కోడలు వీడియోలో వచ్చేది. అక్కడ అప్పుడు పొద్దున. గది చిన్నది, వెనక కిటికీలో ఎప్పుడూ మబ్బు. మొదట్లో పిల్లవాడు ఫోన్‌కు ముద్దులు పెట్టేవాడు. తర్వాత్తర్వాత రెండు మాటలు చెప్పి ఉరికేవాడు. "జడ చూపియ్యుండ్రి మామయ్యా" అనేది కోడలు. నేను వాణ్ణి పట్టుకుని వెనక్కి తిప్పేవాణ్ణి. ముఖం చూపించడానికి నిలబడడు కాని, వీపు తిప్పి నిలబడమంటే నిలబడతాడు. ఆమె వాడి జడ చూస్తూ నాతో మాట్లాడేది. అట్లా ఆమెకు కొడుకు ముఖం కన్నా వీపే ఎక్కువ కనబడింది.

చలికాలం చివర ఒక సబ్జెక్టు తప్పానని చెప్పింది. నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే సబ్జెక్టు. ఉగాది ముందర మళ్ళీ రాసింది. ఆ ఫలితం తెలిశాక మామూలు వేళకు కాకుండా తెల్లవారుజామునే ఫోన్ చేసింది. నా కొడుక్కి కాదు, నాకు.

"మామయ్యా, మళ్ళ పోయింది."

"ఏమైంది బిడ్డా?"

"లెక్కలన్ని సరిగ్గనే వచ్చినయి. గా లెక్కే ఎందుకు జెయ్యాలె, ఇంకోటి ఎందుకు జెయ్యద్దు, అది రాయాలెనట. మనకు గట్ల ఎన్నడు నేర్పిండ్రు మామయ్యా? జవాబు వస్తే సాలు కదా మన దగ్గర."

"ఇంకోసారి రాస్తవు. ఏమైతది?"

ఇంకోసారి పోతే ఏమవుతుందో అప్పుడు చెప్పింది. అక్కడ ఒక పరీక్షకు మూడు అవకాశాలే. మూడోసారి కూడా పోతే ఆ కోర్సు నుంచే తీసేస్తారు. ఆ దేశంలో మరెక్కడా ఆ చదువు చదవనివ్వరు. ఈ ఒక్కటి కాకపోతే అయినవన్నీ కానట్టే.

"ఆయనకు ఇప్పుడే చెప్పకుండ్రి. నైట్ డ్యూటీల ఉన్నడు, పరేషాన్ అయితడు."

"ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆమె చదివే పుస్తకం నా చేతికిస్తే ఏ వైపు నుంచి తెరవాలో కూడా నాకు తెలియదు.

డ్యూటీ మారాక ఆ సంగతి ఇంట్లో అందరికీ ఆమే చెప్పింది. ఎండలు ముదిరాయి. తాండూరు ఎండ సంగతి వేరే చెప్పాలా, ఇళ్ళకు కింద బండ, పైన బండ. పిల్లవాడి తలలో సెగ్గడ్డలు లేచాయి. మొదట చెవి వెనక ఒకటి, తర్వాత నడినెత్తిన, తర్వాత లెక్కపెట్టడం మానేశాను. దువ్వెన పెడితే ఏడుపు. కొన్ని పగిలి జుట్టు అంటుకుపోయేది. గోరువెచ్చటి నీళ్ళతో తడిపి ఒక్కొక్క వెంట్రుక విడదీసేవాణ్ణి. వాడు నా మోకాళ్ళ మధ్య తల పెట్టి, "తాతా, వద్దు తాతా" అనేవాడు.

డాక్టరుకు చూపించాం. ఆయన పూత మందు రాశాడు. రెండోసారి పోయినప్పుడు మందు రాయలేదు, కలం కింద పెట్టాడు.

"గీ జుట్టు తీస్తే వారంల మానుతది. తియ్యకుంటే ఏ మందు పని చెయ్యది. మీరు పెద్దోళ్ళు, నేనేం చెప్పాలె?"

ఆటోలో నా భార్య వాడి తల మీద చీర కప్పి కూర్చుంది. మొక్కు ఆమెది. కోడలి కానుపు కష్టమైనప్పుడు, తల్లీబిడ్డా బయటపడితే పుట్టువెంట్రుకలు వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్ట మీది గుళ్ళోనే తీయిస్తానని ఆమె మొక్కుకుంది.

"ఆషాఢంల తియ్యరు" అంది. "శ్రావణం రానియ్యుండ్రి. ఆమె వచ్చేది గూడ శ్రావణంలనే గద."

ఆషాఢం ఇంకా సగం ఉంది. ఆ సగం నెలా మేము కోడలికి పుండ్లు కనపడనివ్వలేదు. నా భార్య వాడి తలకు పలచని బట్ట కట్టి జడ ఒక్కటి బయటకు వదిలేది. ఫోన్‌లో అడిగితే, "ఎండ గద బిడ్డా" అనేది. పరీక్షకు చదువుకునే మనిషికి ఎందుకు చెప్పడం అని అందరం అనుకున్నాం. ఎవరూ ఎవరితో మాట్లాడుకోకుండానే అనుకున్నాం.

శ్రావణంలో పంతులు ముహూర్తం పెట్టాడు. పిల్లవాడి మూడో ఏడు నిండేలోపల మా ఇంటికి పనికివచ్చే రోజు అదొక్కటే. ఇది దాటితే ఐదో ఏటిదాకా ఆగాలి, సరి ఏట తీయరు. కోడలు అప్పటికే టికెట్ కొనుక్కుంది. పరీక్ష ముందే అయిపోతుందని ఆమె లెక్క. ఆ తర్వాత యూనివర్సిటీ వాళ్ళు తేదీ ప్రకటించారు. మా ముహూర్తం తర్వాతి రోజు.

ఆ ఆదివారం అందరం ముందు గదిలో కూర్చున్నాం. మేనమామ మర్పల్లి నుంచి వచ్చాడు. నా కొడుకు డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. ఫోన్ టీపాయ్ మీద నీళ్ళ చెంబుకు ఆనించి పెట్టాం. కోడలు కళ్ళు వాచి ఉన్నాయి.

"పరీక్షకు పేరు తీసేసుకుంట. గా వీలున్నది. వస్త" అంది.

"తీసేసుకుంటే ఏమైతది?" మేనమామ అడిగాడు.

"మళ్ళ ఆరు నెలలకు రాయాలె. అది పాస్ కాకుంటే థీసిస్ ఇయ్యరు. అన్ని ఎనకకు పోతయి. వీసా గూడ అడగాలె మళ్ళ."

"అంటే ఇంకింత కాలం పిలగాడు తల్లి లేకుంట ఉండాలె."

"నేను రాకుంటే కొంగు ఎవరు పడ్తరురా?"

"అయితే రా అక్కా. నువ్వు లేకుంటే నేను కత్తెర పట్ట, ముందే చెప్తున్న. నీ కొడుకు తలకాయ, నా ఒళ్ళె, నువ్వెక్కడనో. నాకు మనసొప్పది."

"నువ్వు ఊకో" అన్నాడు నా కొడుకు. ఆ రోజు వాడు మాట్లాడిన మొదటి మాట అదే. రెండో మాట నాతో అన్నాడు. "బాపూ, నువ్వు చెప్పు. ఏం చేద్దాం?"

అందరూ నావైపు చూశారు. ఫోన్‌లోంచి ఆమె కూడా. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక లైను మీదికి ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండా చూసుకున్నాను. ఒకదాన్ని ఆపి ఒకదాన్ని వదలడమే నా పని. ఏది ఆపాలో చెప్పే రూలు ఉండేది. ఇక్కడ రమ్మంటే ఆమె చదువు నా మాట వల్ల ఆగుతుంది. వద్దంటే ఆమెకు నేనిచ్చిన మాటే తప్పుతాను. ఆగుదామంటే పిల్లవాడి తల. చెంబు సరిగ్గా పెట్టబోయాను, ఫోన్ పడబోతే పట్టుకున్నాను.

అప్పుడే పిల్లవాడు లోపల్నుంచి ఉరికి వచ్చాడు. నిద్ర లేచి వచ్చాడు, తలకు బట్ట లేదు. నేరుగా ఫోన్ ముందుకు వచ్చి, చెంబు అందుకోవడానికి వంగాడు.

కోడలు తెరకు దగ్గరగా వంగింది. మెల్లగా, "అదేంది?" అంది.

నా భార్య గబుక్కున లేచింది.

"అత్తమ్మా, అదేంది వాని తల? ఎన్ని దినాలైంది?"

నా భార్య వాణ్ణి దగ్గరికి లాక్కుని కొంగు కప్పింది, ఇంకా దాచగలిగినట్టు. "ఎండకాలం బిడ్డా, అందరికి లేస్తయి" అంది.

కోడలు నన్నే చూస్తోంది. "మామయ్యా, మీరు రోజు దువ్వుతున్నరు గద."

"అవును బిడ్డా."

"నొప్పి లేస్తదా వానికి?"

"లేస్తది."

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. కిటికీ, మబ్బు మాత్రం కనిపించాయి. మళ్ళీ వచ్చేసరికి ముఖం కడుక్కున్నట్టుంది.

"తీయించుండ్రి. ముహూర్తానికే తీయించుండ్రి. నేను పరీక్ష రాస్త." తమ్ముడి వైపు తిరిగి, "నువ్వు కత్తెర పట్టకుంటే చూడు, వచ్చినంక నీ సంగతి చెప్త" అంది.

అతను తల వంచుకుని తువ్వాలు మడతపెట్టాడు.

మర్నాడు ఆమె నాకు విడిగా ఫోన్ చేసింది. "బీరువాల నా పసుపు చీర ఉన్నది మామయ్యా, వాని తొట్టెల పండుగ నాడు కట్టుకున్నది. ఎవరి కొంగో ఎందుకు, అది పరిచి పట్టుండ్రి. ఫోన్‌ల చూపియ్యుండ్రి, నేను చూస్త. అంతే."

ముహూర్తం పొద్దున్నే. తాండూరు నుంచి తొలి బండికి వికారాబాద్‌లో దిగాం. నేను పనిచేసిన గది ముందునుంచే నడిచాం. లోపల కొత్తవాళ్ళు, కొత్త పెట్టెలు. ఎవరూ తల ఎత్తలేదు. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని గుట్ట ఎక్కాం. రాత్రి వాన పడి చెట్లు కారుతున్నాయి. మర్పల్లి నుంచి మేనమామ ముందే వచ్చి కొత్త పంచె కట్టుకుని నిలబడ్డాడు. జోకులు లేవు.

అందరం సిద్ధమయ్యాం. చీర ఎవరు పట్టాలి? నేను నా భార్యవైపు చూశాను.

"నేను పట్ట" అంది. "నా కొడుక్కు పట్టిన. ఇది ఆమెది. ఆమె చీరె ఆమె లేకుంట నేనెట్ల పట్టాలె?"

మంగలాయన కత్తి నూరుకుంటూ, "ఎవలో ఒకలు పట్టుండ్రమ్మా, ఎనక మస్తు మంది ఉన్నరు" అన్నాడు.

నా కొడుకు చీర తీసి ఒక కొస పట్టుకున్నాడు. ఇంకో కొస నా చేతిలో పెట్టాడు. ఇద్దరం మేనమామ మోకాళ్ళ ముందర గొంతుక్కూర్చున్నాం. మంగలాయనకు నవ్వు ఆగలేదు.

"ఎన్ని గుండ్లు చేసిన్నో, మొగోళ్ళు కొంగు పట్టుడు మాత్రం గిదే చూస్తున్న."

"నీ పని నువ్వు చెయ్యి" అన్నాడు నా కొడుకు.

ఫోన్ నా భార్యకు ఇచ్చాం. అక్కడ ఇంకా తెల్లవారలేదు. కోడలు లైటు వేసుకుని కూర్చుంది. నా భార్యకు ఫోన్ పట్టుకోవడం కొత్త. నా కొడుకు కెమెరా మావైపు తిప్పి ఇచ్చి, "గిట్లనే పట్టుకో అమ్మా, ఏది ఒత్తకు" అని చెప్పాడు.

పిల్లవాడి జడ నేను విప్పలేదు. ఆ పొద్దున అల్లిందే చివరిది. మేనమామ మొదటి కత్తెర వేశాడు. పిల్లవాడు కత్తెర చప్పుడుకు బెదిరి ఏడుపు ఎత్తుకున్నాడు. మంగలాయన నీళ్ళు చల్లి, పుండ్లను తప్పించుకుంటూ, చాలా జాగ్రత్తగా గీశాడు. జడ మొత్తంగా చీరలో పడింది. అంత బరువు ఉంటుందని నేను అనుకోలేదు. వాడు అమ్మా అమ్మా అని ఏడ్చాడు. ఎవరిని పిలుస్తున్నాడో నాకు తెలియదు. ఇంట్లో నా కొడుకు తన తల్లిని అమ్మా అంటాడు కాబట్టి, వాడూ నాయనమ్మను కొన్నాళ్ళుగా అట్లాగే అంటున్నాడు.

అయిపోయాక నా భార్య ఫోన్ నా కొడుక్కి ఇచ్చి ముక్కు తుడుచుకుంది. "చూసింది. మొత్తం చూసింది. పిల్ల ఒక్క మాట మాట్లాడలే" అంది. నా కొడుకు ఫోన్ చూశాడు. ఆమె అప్పటికే పెట్టేసింది.

వెంట్రుకలు తీసుకుపోయి గుడి వాళ్ళు పెట్టిన హుండీలో వేశాం. ఇంటికి రాగానే నా భార్య చీర దులిపి, ఉతికి, ఆరేసింది. ఆ రోజు డైరీలో రాశాను: "పుట్టువెంట్రుకలు అయ్యాయి. కోడలు ఫోన్‌లో అంతా చూసింది."

పుండ్లు డాక్టరు చెప్పినట్టే వారంలో ఎండిపోయాయి. ఆమె మర్నాడు పరీక్ష రాసింది. వినాయక చవితి తర్వాత ఫలితం వచ్చింది. పాసైంది. ఫోన్‌లో, "అయిపోయింది మామయ్యా" అని మాత్రమే అంది. నా భార్య పరమాన్నం చేసింది. నాకు సంతోషమే. కాని చేతులకు ఏం తోచేది కాదు. పొద్దున నీళ్ళు పోసుకున్నాక దువ్వెన చేతిలోకి తీసుకునేవాణ్ణి. పిల్లవాడు గుండు మీద రుద్దుకుంటూ లారీ తోసుకుంటూ పోయేవాడు.

డిసెంబరులో ఆమె సెలవు మీద వచ్చింది. పిల్లవాడికి అప్పటికి జుట్టు మొలిచి, బ్రష్షులాగా నిలబడి ఉంది. గేటు తీసుకుని ఆమె లోపలికి వస్తే వాడు నా వెనక్కి పోయి నా లుంగీ పట్టుకున్నాడు. ఆమె బలవంతం చేయలేదు. సంచి కింద పెట్టి, గడపలోనే కూర్చుంది. మొదటి రోజు వాడు ఆమె చెప్పులు ముట్టుకుని చూశాడు. మూడో రోజు ఆమె చేతిలోంచి బిస్కెట్ తీసుకున్నాడు. మేనమామ వచ్చి, "చూసినవా అక్కా, నా కోడలు మళ్ళ అల్లుడైండు" అంటే అందరం నవ్వాం, ఆమె కూడా.

పోయే వారంలో ఒక పొద్దున ఇద్దరం వరండాలో ఎండకు కూర్చున్నాం. నా భార్య బజారుకు పోయింది.

"మామయ్యా, ఒకటి చెప్త, అత్తమ్మకు చెప్పకుండ్రి" అంది కోడలు. "గా నాడు గుట్ట మీద నాకు ఏం కనబడలే."

"అదేంది? ఫోన్ కలవలేదా?"

"కలిసింది. మా తమ్ముడు కత్తెర తీసుకున్నంతవరకు కనబడ్డది. అంతల అత్తమ్మ చెయ్యి ఎక్కడనో తగిలింది. కెమెరా ఇటు తిరిగింది. అయిపోయేదాక అత్తమ్మ ముఖమే."

"మరి చెప్పకపోతివి బిడ్డా?"

"ఎట్ల చెప్పాలె? అత్తమ్మ ఏడుస్తున్నది. ఏడుసుకుంట పిలగాన్నే చూస్తున్నది, ఫోన్ దిక్కు చూస్తలేదు. నేను మాట్లాడితే పరేషాన్ అయితది, ఏదన్న ఒత్తితే ఫోనే పోతది. వాని ఏడుపన్న వినబడుతున్నది గద అని ఊకున్న." ఎండకు ముఖం పక్కకు జరుపుకుని, "అత్తమ్మ ముఖం చూసుకుంటనే కూసున్న. కత్తెర పడ్డప్పుడు తెలిసింది. జడ పడ్డప్పుడు తెలిసింది" అంది.

ఆ రోజు డైరీలో రాసుకున్నది గుర్తుకు వచ్చింది. ఇన్నేళ్ళలో రాసింది కొట్టేసే అలవాటు నాకు లేదు. అది అట్లాగే ఉంది.

"జడ ఎట్ల ఏసేటోళ్ళు మామయ్యా?" అని అడిగింది. "నేను వానికి ఒక్కసారి గూడ ఎయ్యలే."

లోపలికి పోయి సుతిలి తెచ్చాను. కిటికీ ఊచకు మూడు పోగులు కట్టి, నేను నేర్చుకున్నట్టే చూపించాను. ఆమెకు అల్లడం రాక కాదు, తన జడ తను వేసుకునే మనిషే. అయినా మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. చిక్కు ఎక్కడ పడేదో, వాడు ఎప్పుడు కదిలేవాడో, పుండు ఉన్నవైపు ఎంత వదులుగా పట్టేవాణ్ణో అడిగింది. చెప్పాను. తర్వాత నా చేతిలోంచి పోగులు తీసుకుని చివరిదాకా తనే అల్లి ముడి వేసింది.

పిల్లవాడు లారీ తోసుకుంటూ వచ్చి ఆ తాడు చూశాడు. ఊచ నుంచి విప్పమన్నాడు. ఆమె విప్పి ఇచ్చింది. ఒక కొస లారీకి కట్టమని నాకిచ్చాడు, కట్టాను. రెండో కొస పట్టుకుని ఎవరికివ్వాలా అని నన్నూ ఆమెనూ చూసి, ఆమె ఒళ్ళో పెట్టాడు.

"పట్టు. ఇడ్వకు" అన్నాడు.

ఆమె రెండు చేతులతో పట్టుకుంది. వాడు లారీలో రాళ్ళు ఒక్కొక్కటే ఏరి వేస్తున్నాడు. లోడు కావడానికి ఇంకా చాలాసేపు పట్టేటట్టు ఉంది. ఆమె విమానం శనివారానికి ఉంది. నేను లేచి, టీ పెడదామని వంటింట్లోకి పోయాను.